చేతికియ్యని చాకు

చాకుల విషయంలో నా అంత తెలివితక్కువ మనిషి ధర్మవరం నుంచి హిందూపురం దాకా రైలుకట్ట పొడుగునా వెతికినా దొరికి ఉండడు. దొరికినా, వాడు ముసలివాడై జ్ఞాపకాలు రాసుకునేంత కాలం బతికి ఉండడు. నేను బతకడం నా గొప్ప కాదు. ప్రమాదం నాకు కాక నా పక్కవాడికి వచ్చింది, అంతే. చిన్నప్పుడు మా వీధివాళ్ళు నన్ను చూసి ‘చాకులాంటి పిల్లోడు’ అనేవారు. ఆ మాటకు మా అమ్మ పొంగిపోయేది. ఎలాంటి చాకో వాళ్ళెవరూ చెప్పలేదు. మొండి చాకు కూడా చాకే కదా.

ఇదంతా ఇప్పుడు కదిలించింది మా మనవరాలు లహరి. బెంగుళూరులో ఉద్యోగం. సెలవు దొరికితే కొండలెక్కుతుంది, ఎందుకని అడిగితే దిగడానికి అంటుంది. పోయిన నెలలో వచ్చినప్పుడు అరచేతిలో పట్టే రేకు డబ్బా ఒకటి నా ముందు పెట్టి, మూత తీసి, లోపలున్నవి ఒక్కొక్కటే బయట పేర్చింది. అగ్గిపుల్లలు, సూది, దారం, గాయానికి పట్టీ, గుండీ అంత దిక్సూచి, నీళ్ళలో వేసే మాత్రలు, ఒక ఈల. అడవిలో దారి తప్పితే ప్రాణం నిలబెట్టే సామానట. ఎప్పుడూ జేబులోనే ఉండాలట. అన్నీ అమిరాయి కానీ చాకు ఒక్కటే తేలడం లేదు. ఫోనులో వందల చాకులు చూపించింది. మడిచేవి, మడవనివి, తాళంచెవిలాంటివి, చివరికి కార్డులాగా పర్సులో దూరేవి. “తాతా, నువ్వయితే ఏది తీసుకుంటావు?” అంది. మునిగినవాణ్ణే కదా లోతు అడగాల్సింది! అడిగింది కాబట్టి చెప్పాను. ఆమెకు చెప్పనివి ఇక్కడ రాస్తున్నాను.

మాది ధర్మవరంలో మగ్గం ఇల్లు. తెల్లవారుజామున ఏ గుడి గంటా మమ్మల్ని లేపలేదు. నాయన మగ్గం గుంతలోకి కాళ్ళు దించి మొదటి పోటు వేసిన చప్పుడుకే లేచేవాళ్ళం. ఇంటినిండా ఉడికిన పట్టు వాసన, దానికి తోడు సబ్బునీళ్ళ వాసన, గంజి వాసన. కొత్తవాళ్ళు ముక్కు మూసుకునేవారు. మాకు ఆ వాసన లేని ఇల్లు ఇంకా ఎవరూ చేరని ఇల్లులాగా తోచేది. నాయన పక్కన మగ్గం గుంజకు చిటికెనవేలంత చాకు ఒకటి వేలాడుతుండేది. మడత లేదు, మెరుపు లేదు. అరిగి అరిగి వేపాకులా సన్నబడ్డ అలుగు, దానికి గుడ్డ చుట్టిన పిడి, పిడికి మూరెడు దారం. తెగిన పోగులు కత్తిరించడానికి అది. దారం ఎందుకంటే, చెయ్యి జారితే చాకు గుంతలో పడకుండా, అంతకంటే ముఖ్యంగా సాగదీసి ఉన్న పడుగు పోగుల మీద పడకుండా. పడుగు మీద చాకు పడితే ఒక్క క్షణంలో నెల రోజుల కష్టం తెగిపోతుంది. “కత్తికి తోక ఉండల్ల. తోక లేని కత్తి ఒగరి మాటా వినదు,” అనేవాడు నాయన. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మాట్లాడిన కాసిన్ని మాటల్లో ఇదొకటి, నేను విననివాటిలో కూడా ఇదొకటి.

విన్నది మా అవ్వ మాట. ఉప్పు, నూనె, సూది, కత్తి: ఈ నాలుగూ మా ఇంట్లో చేతి నుంచి చేతికి పోయేవి కావు. ఇచ్చేవాళ్ళు కింద పెట్టాలి, పుచ్చుకునేవాళ్ళు కింద నుంచి తీసుకోవాలి. “కత్తి చేతికిస్తే జగడం చేతికిచ్చినట్లేరా. కింద పెట్టు. మధ్యన భూదేవి ఉంటే మనసులు తెగవు,” అనేది అవ్వ, వక్కాకు ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చుకుంటూ. మా చిన్నాయన, నాయన వేరుపడ్డ కారణం కూడా ఆమె లెక్కలో ఆస్తి కాదు; ఎప్పుడో ఒక పండగనాడు గుమ్మడికాయ కోస్తూ ఒకరు ఇంకొకరి చేతికి కత్తి అందించడమే. ఒకసారి నేను మరిచిపోయి చాకు నేరుగా అమ్మ చేతికి ఇవ్వబోతే, అవ్వ చేతికర్రతో నా మణికట్టు మీద తట్టింది. గట్టిగా కాదు, గుర్తుండేంతగా. ఆమెది పిడివాదం. నాకు పదిహేడేళ్ళు వచ్చేసరికి నా చేతులకు ఆ వాదం నా ప్రమేయం లేకుండానే వచ్చేసింది. కత్తి పట్టుకున్న చెయ్యి దానంతట అదే కిందికి వంగేది.

పై చదువుకు నన్ను హిందూపురంలో మేనత్త ఇంట్లో పెట్టారు. అక్కడి హైస్కూలులో డ్రిల్లు మాస్టరు మిలిటరీలో పనిచేసి వచ్చిన మనిషి. ఆయన నవ్వగా చూసినవాళ్ళు ఉన్నారని విన్నాను, చూసినవాళ్ళను మాత్రం చూడలేదు. ఆయన ఒకరోజు మమ్మల్ని వరుసగా నిలబెట్టి, దగ్గు బిళ్ళల రేకు డబ్బా ఒకటి పైకెత్తి చూపించాడు. నెల తర్వాత పెనుకొండ కొండకు తీసుకెళతాననీ, ప్రతివాడి చొక్కా జేబులో ఇలాంటి డబ్బా ఉండాలనీ, అందులో అగ్గిపుల్లలు, సూది, దారం, ఉప్పు, రెండు బారల పురికొస, అయోడిన్ తడిపిన దూది, ఒక చాకు ఉండాలనీ చెప్పాడు. “మూత పడల్ల. జేబు గుండీ పడల్ల. చాకు మాత్రం ఎవరిది వాళ్ళే ఎంచుకోండి. అది నేను చెప్పను,” అన్నాడు. ఆ చివరి మాట నన్ను ముంచింది. చెప్పి ఉంటే చెప్పింది కొనేవాణ్ణి. ఎంచుకోమంటే, నాకు ఎంపిక ఉందని నమ్మాను.

ఆ వారం ధర్మవరం వెళ్ళినప్పుడు సంగతి చెబితే, నాయన గుంజ మీది చాకు విప్పి, మగ్గం పక్కన అరుగు మీద పెట్టాడు. తీసుకొమ్మని. తన దగ్గర ఇంకొకటి ఉందన్నాడు. నేను దాన్ని చూశాను. గుడ్డ చుట్టిన పిడి, మాసిన దారం. దీన్ని తీసుకెళ్ళి బళ్ళో ఓబుళేసు ముందు తెరిస్తే ఏమంటాడో అని ఒక్కసారి అనుకున్నాను. అంతే, అరుగు మీదే వదిలేశాను. నాయన దాన్ని మళ్ళీ గుంజకు కట్టుకున్నాడు. కట్టుకుంటున్నప్పుడు నా వైపు చూడలేదు.

ఓబుళేసు నా స్నేహితుడు. మడకశిర వైపువాడు. సగం మాట తెలుగు, సగం కన్నడం, మొత్తం ఎగతాళి. వాడు తోడు రాకుండా నేను హిందూపురం సంతలో ఉల్లిగడ్డ కూడా కొనేవాణ్ణి కాను, వాడు వచ్చాక ఏం కొన్నా బాధపడేవాణ్ణి. ఆ బుధవారం బెల్లం అంగళ్ళ పక్కన, అద్దాలూ తాళాలూ చాకులూ గోనెపట్టా మీద పరిచి అమ్మే మనిషి దగ్గర ఆగాం. నా కన్ను ఒకదాని మీద పడింది. ఇత్తడి పిడి, పిడి మీద నెమలి, లోపల మూడు అలుగులు, ఒక మర తిప్పేది, ఒక బిరడా తీసేది. బిరడా ఉన్న సీసా మా వంశంలో ఎవరూ చూసి ఉండరు.

“నోడప్పా, చూడు, రాజుల కత్తి ఇది,” అన్నాడు అంగడివాడు. “దుడ్లు చూసుకోవద్దు, పని చూసుకో.”

“రాజులకేం పని ఉండాది?” అన్నాడు ఓబుళేసు. “ఒరే, ఇది కత్తా, పెండ్లికూతురా? ఇన్ని నగలేంది?”

“నీకేం తెలుసురా. నీదేది చూపించు.”

వాడు జేబులోంచి కాగితం మడత తీశాడు. అందులో గడ్డం గీసుకునే బ్లేడు, సగానికి విరిచింది. “మా నాయన గడ్డానికి ఒగ సగం, నా ప్రాణానికి ఒగ సగం,” అన్నాడు.

నేను నెమలి కత్తినే కొన్నాను. అలుగు తెరవాలంటే గోరు సందులో పెట్టి గట్టిగా లాగాలి. కొత్తది కదా, వాడుతుంటే వదులవుతుందని అంగడివాడు చెప్పాడు. ఇంటికి వచ్చి డబ్బాలో పెడితే మూత పడలేదు. ఇక్కడ తెలివైనవాడు చాకు మారుస్తాడు. నేను డబ్బాలో మిగిలినవి మార్చాను. ముందు ఉప్పు తీసేశాను. తర్వాత దూది. అయినా మూత లేస్తూనే ఉంది, పురికొస తీసేశాను. చెప్పు కోసం కాలు కోసుకున్న సామెత ఎవరైనా పుట్టించి ఉంటే, అది నన్ను చూసే పుట్టించి ఉండాలి. చివరికి చాకు, మూడు అగ్గిపుల్లలు, ఒక సూది మిగిలాయి. మూత టక్కుమని పడింది. ఎంత సంతోషం!

పెనుకొండలో తొలి బండి దిగేసరికి ఎండ ఇంకా రాలేదు. మేనత్త కట్టిచ్చిన బొరుగులు, నంజుకోడానికి చెనిక్కాయల ఊరిబిండి తిని కొండ ఎక్కడం మొదలుపెట్టాం. మాస్టరు ముందు, మిగిలిన వాళ్ళంతా వరుసలో, నేనూ ఓబుళేసూ అందరికంటే వెనక. సగం దూరం పోయాక, కూలిన గోడ పక్కనుంచి ఒక మేకల బాట కనిపించింది. దాని పైన సీతాఫలం పొదలు, కాయలు కళ్ళు విచ్చుకుని ఉన్నాయి. ఓబుళేసు అటు తిరిగాడు. వద్దన్నాను. వాడు నా మాట విన్న రోజు లేదు కాబట్టి నేనూ వెంట వెళ్ళాను. వాడి భుజానికి అడ్డంగా ఖాకీ సంచి, దాని పట్టీ దళసరి కాన్వాసు. కాయలు కోసి సంచి నింపాడు. అక్కడిదాకా మేము దొంగలం మాత్రమే.

దిగేటప్పుడు దగ్గరదారి అని వాడు పెద్ద బండ మీదుగా పోయాడు. పైన ఎండిన గడ్డి ఉంది. గడ్డి మీద వాడి కాలు జారింది. అరుపు కూడా రాలేదు. సంచిలోని కాయలు బండకు కొట్టుకున్న చప్పుడు మాత్రం వచ్చింది. నేను పొట్ట మీద పడుకుని అంచు దాకా పాకి చూశాను. బండ అంచు లోపలికి తిరిగి ఉంది. దాని కింద ఎక్కడో ఒక మొండి వేరుకు సంచి పట్టీ తగులుకుంది. పట్టీ వాడి మెడ పక్కగా బిగిసి, వాణ్ణి పైకి పట్టి ఉంచింది. కాలివేళ్ళ కొసలు మాత్రం ఒక సన్నటి రాతిగట్టుకు ఆనుతున్నాయి. మడమలు ఆనడం లేదు. గట్టు కింద మూడు నిలువుల లోతు, అడుగున రాళ్ళు, జముడు. ఎడమచేతి వేళ్ళు పట్టీకీ మెడకీ మధ్య దూర్చుకున్నాడు. అవి తీస్తే గొంతు నొక్కుకుపోతుంది. పట్టీ తెగితే చాలు, పాదాలు గట్టు మీద నిలుస్తాయి. నా చెయ్యి వేరు దాకా అందదు. వాడు కుడిచెయ్యి పైకి చాపితే నా వేళ్ళకు అందుతుంది. వాడి బ్లేడు డబ్బా, మాస్టరు జేబులో పెట్టుకోమని అంతగా చెప్పినా, వీపు వెనక సంచిలో సీతాఫలాల కింద ఉంది.

“చాకు,” అన్నాడు. గాలి మధ్యలో ఆగి ఆగి వచ్చింది మాట. “చాకు... ఈయిరా.”

నా డబ్బా చొక్కా జేబులో, జేబు నా రొమ్ము కింద, రొమ్ము బండ మీద. ఎడమచేత్తో ఒక పొద మొదలు పట్టుకుని ఉన్నాను. అది వదిలితే నేనూ జారతాను. ఒంటిచేత్తో ఒత్తిగిలి డబ్బా తీశాను. నోటితో మూత ఊడదీశాను. అగ్గిపుల్లలు కిందికి రాలాయి. చాకు తీశాను. తెరవాలంటే రెండు చేతులు కావాలి. పిడి చేత్తో పట్టుకుని, అలుగు పళ్ళ మధ్య బిగించి లాగాను. కదల్లేదు. ఓబుళేసు కాలివేళ్ళు గట్టు మీద ఒకసారి తప్పి, మళ్ళీ ఆనాయి. వాడి ముఖం రంగు మారుతోంది. ఇంకోసారి లాగాను. ముందుపంటి మూల విరిగింది, ఒకటి తెరుచుకుంది. అది బిరడా తీసేది. ఉమ్మేసి, ఆ పక్కది పట్టుకుని లాగాను. ఈసారి అలుగే.

వాడి చెయ్యి పైకి చాచి ఉంది. అరచెయ్యి తెరిచి ఉంది. ఆ అరచేతి గీతలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. నేను చాకు అటు చాపాను. జానెడు దూరం. ఇంకొక్క బెత్తెడు చాపితే వాడి చేతిలో ఉండేది.

కింద పెట్టాను.

ఆలోచించి పెట్టలేదు. ఆలోచన వచ్చే లోపల పదిహేడేళ్ళ అలవాటు ముందుకొచ్చింది. వాడి వేళ్ళ పక్కన, బండ మీద, మర్యాదగా, మా ఇంట్లో అరుగు మీద పెట్టినట్టు పెట్టి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అరుగు చదునుగా ఉంటుంది. బండ ఏటవాలుగా ఉంది. నెమలి కత్తి ఒక్క క్షణం ఆగింది, ఆగి, మెల్లగా తిరిగి, జారడం మొదలుపెట్టింది. ఓబుళేసు వేళ్ళు దాని కోసం కదిలాయి. ఇత్తడి పిడి వాడి చూపుడువేలిని రాసుకుంటూ పోయింది. అంచు దాటింది. కింద రాయికి తగిలి ఒకసారి మోగింది. ఆ తర్వాత ఇంకోసారి, చిన్నగా.

“ఏమిరా... అది?” అన్నాడు వాడు. అడగడం కూడా కాదు. నమ్మలేకపోవడం.

వాడి కుడి మణికట్టు రెండు చుట్లు చుట్టినట్టు గట్టిగా పట్టుకుని పైకి లాగాను, మెడ మీది బరువు కొంతైనా తగ్గుతుందని. పట్టు నేసే ఇంట్లో పుట్టినవాణ్ణి, ఆ రోజు నాకున్న పట్టు అదొక్కటే. అరిచాను. మాస్టరూ పిల్లలూ పై మెట్ల దగ్గరికి చేరి ఉంటారు. ఈలలు వినిపిస్తున్నాయి, నా కేక వాళ్ళకు వినిపించడం లేదు. నా భుజం మండుతోంది. చెమటకు వాడి మణికట్టు జారుతోంది. పురికొస ఉంటే చాకుకు కట్టి ఉండేవాణ్ణని అప్పుడు తట్టింది. పనికిరాని సమయంలో నాకు తెలివి బాగా పనిచేస్తుంది. వాడు నన్నే చూస్తున్నాడు. తిట్టడానికి కూడా ఊపిరి వాడటం లేదు. దానికంటే తిట్టి ఉంటే బాగుండేది.

ఎంతసేపో తెలియదు. వెనక గడ్డి చప్పుడైంది.

“ఎవురప్పా అది అరుస్తాండేది?”

గడ్డి కోసుకునే ఆమె. పేరు సుంకమ్మ అని తర్వాత తెలిసింది. తల మీది మోపు పక్కకు పడేసి, అంచు దాకా వచ్చి ఒక్కసారి తొంగి చూసింది. ఏమైందని అడగలేదు. వచ్చి నా రెండు కాళ్ళ మీద కూర్చుంది. నిజంగానే కూర్చుంది, ఇంట్లో పీట మీద కూర్చున్నట్టు.

“ఇంగ నువ్వు జారవు. ఆ పొద ఇడ్సు. ఆ పిల్లోని చెయ్యి మాత్రం ఇడ్సద్దు. ఇదో, కొడవలి.”

పొద వదిలాను. కొడవలి పిడి నా భుజం పక్కకు వచ్చింది. నా ఎడమచెయ్యి దాన్ని పట్టుకోలేదు. నా నోరు, విరిగిన పంటితో సహా, “కింద పెట్టక్కా” అంది.

“నేలేమన్నా అడిగిందా నిన్ను?” అని అరిచింది సుంకమ్మ. “పట్టుకో చేత్తో!”

పట్టుకున్నాను. చాకు అందని చోటికి కొడవలి వంపు అందింది. కంటికి కనపడని పట్టీ కోసం అంచు కింద తడిమాను. తగిలింది. లాగాను, మళ్ళీ లాగాను, ఇంకోసారి. ఒక్కొక్క పోగూ తెగడం నా చేతికి తెలుస్తోంది. చివరి పోగు తెగగానే వాడి మడమలు గట్టు మీద ఆనాయి. సంచి వాడి వీపు మీంచి జారి, కాయలతో సహా, లోయలోకి పోయింది. వాడు బండకు ముఖం ఆనించి గాలి పీల్చుకుంటున్న చప్పుడు విన్నాను. ఆ తర్వాత నేను ఎన్నో సంగీత కచేరీలు విన్నాను, అంత బాగున్న చప్పుడు మళ్ళీ వినలేదు. గట్టు వెంట పక్కకు నడిపించి వాణ్ణి బాట మీదికి తెచ్చింది సుంకమ్మే. వాడికి నీళ్ళిచ్చింది, నా వైపు చూసి, “ఈయనకు మెదడుకు తాగను ఏమైనా ఉంటే ఈయప్పా,” అని వాడికి చెప్పి మోపు ఎత్తుకుని పోయింది.

మాస్టరు మమ్మల్ని తిట్టలేదు. నా డబ్బా అడిగి తీసుకుని, మూత లేని ఆ రేకులోకి చాలాసేపు చూశాడు. సూది ఒక్కటి మిగిలి ఉంది. “తక్కినవి యాడ?” అన్నాడు. మేనత్త ఇంట్లో గూట్లో ఉన్నాయన్నాను. డబ్బా నాకు తిరిగి ఇచ్చి, ఓబుళేసును చెయ్యి పట్టుకుని దించుకుంటూ ముందుకు పోయాడు. రైల్లో ఓబుళేసు నా పక్కన కూర్చోలేదు. మెడ చుట్టూ ఎర్రటి వాత, తువ్వాలు కప్పుకుని కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు. బళ్ళో కూడా నాతో మాట మానేశాడు. మూడు వారాలు. వాడి ఎగతాళి లేని ఆ మూడు వారాలు హిందూపురం నాకు మూగ ఊరైపోయింది. వాడు బతికాడు, కానీ నాకు మిగిలాడో లేదో తెలియదు. రోజూ బళ్ళోకి అడుగుపెట్టేటప్పుడు ముందు వాడి ముఖం చూసేవాణ్ణి, కోర్టులో తీర్పు కోసం చూసినట్టు.

ధర్మవరంలో అవ్వకు చెప్పాను, తప్పు ఆమెదే అని తేల్చడానికి. నువ్వు నేర్పిన మాట వల్లే వాడు చావబోయాడన్నాను. అవ్వ వక్కాకు నమలడం ఆపింది.

“ఆ పిల్లోడు బతికినాడు గదా?”

“బతికినాడవ్వా. నాతో మాట్లాడ్డం లేదు.”

“చేతికీకుండానే జగడమాయెనా!” అంది. తర్వాత నా మణికట్టు, ఒకప్పుడు కర్రతో తట్టిన చోటే, పట్టుకుంది. “ఒరే, నేను చెప్పింది అరుగున్న ఇండ్లకురా. కొండకు ఎత్తుకపొమ్మని ఎవురు చెప్పిరి నీకు? చావుబతుకుల కాడ చెయ్యే భూదేవి.”

మర్నాడు నేను బండికి బయల్దేరుతుంటే నాయన గుంజ మీది చాకు మళ్ళీ విప్పాడు. ఈసారి అరుగు మీద పెట్టలేదు. నా చొక్కా జేబులో తనే వేసి, దారం కొస గుండీ కాజాకు ముడి వేశాడు.

ఇప్పుడు ఆలోచిస్తే అవ్వ కట్టుబాటులో అర్థం లేకపోలేదు. మగ్గం ఇంట్లో పడుగు మీదుగా కత్తి చేతులు మారితే ఎప్పుడో ఒకసారి జారుతుంది. పట్టు తెగితే నిజంగానే అన్నదమ్ములు కొట్టుకుంటారు. కింద పెట్టమనడం వెనక పని తెలిసిన బుద్ధి ఉంది. ఆ బుద్ధి ఎందుకో మరిచిపోయి, చెయ్యి మాత్రమే గుర్తుపెట్టుకున్నవాణ్ణి నేను. లహరి తరానికి ఆ బెడద లేదు. కత్తెర అడిగితే గాల్లో విసురుతుంది. ఆమెకు పట్టుకోవడం తెలుసు, జారడం తెలియదు. చిన్నది తీసుకో, మడవనిది తీసుకో, తోక కట్టుకో, చాకుకు చోటు చాలకపోతే చాకునే మార్చు అని చెప్పాను. రాసుకుంది. ఇంతే కదా తాతా అంది. ఇంతే. ఈ నాలుగు ముక్కలకు నాకు ఒక పన్ను ఖర్చయింది, స్నేహితుడు ఖర్చవకుండా మిగిలాడు. ఇప్పటి చాకులు ఒక్కటీ మొరాయించవు, ఒంటిచేత్తో తెరుచుకుంటాయి. కాళ్ళ మీద కూర్చునే మనిషి మాత్రం ఏ డబ్బాలోనూ పట్టదు.

మూడు వారాల తర్వాత ఓబుళేసు మాట్లాడాడు. మాట్లాడకపోతేనే బాగుండేదేమో. అవ్వ మాట నేను బళ్ళో అందరితో చెప్పుకున్నది వాడి చెవినా పడింది. మధ్యాహ్నం అన్నాల దగ్గర చెనిక్కాయలు అడిగితే, గుప్పెడు తీసి, నా చేతికి ఇవ్వకుండా నేల మీద పోసి, “తీసుకోప్పా, మధ్యన భూదేవి ఉండాది” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, వాడు దక్కాడు కదా అని. ఆ నవ్వుకు యాభై ఏళ్ళు శిక్ష అనుభవించాను. నా పెళ్ళిలో చదివింపుల పళ్ళెం వాకిట్లో పెట్టి, తీసుకొమ్మని మా మామగారి ముందు సైగ చేశాడు. కాఫీ గ్లాసు నేల మీదే, పెళ్ళి పత్రిక గడప మీదే. ఒకసారి ధర్మవరం జంక్షన్లో నా టికెట్టు ప్లాట్‌ఫారం మీద పెడితే గాలికి పట్టాల మీదికి పోయింది. బండి వచ్చేలోపల ఇద్దరం దిగి వెతికాం. కొత్తగా పరిచయమైన ప్రతివాడికీ కథ మొదటి నుంచి చెప్పేవాడు, నా బిరడాతో సహా. నేను బదులు తీర్చుకునే అవకాశం కోసం చూస్తూ చూస్తూ ముసలివాణ్ణయిపోయాను.

అవకాశం మడకశిరలో, వాళ్ళింటి హాల్లో వచ్చింది. చెనిక్కాయల వ్యాపారం కొడుకుకు అప్పగించి వాడు కుర్చీకి పరిమితమైన రోజులు. మాతో కొండ ఎక్కిన వాళ్ళలో అప్పటికి మేమిద్దరమే మిగిలాం. ఎక్కడినుంచో వచ్చిన పార్సిలు ఒళ్ళో పెట్టుకుని ముడులు లాగుతున్నాడు. “ఆ కిటికీలో చాకు ఉండాది, ఇట్ల ఈయప్పా,” అన్నాడు. తీశాను. మామూలు కూరగాయల చాకు. అలవాటుగా టీపాయి మీద పెట్టబోయి, ఆగాను. అలుగు నా వైపు తిప్పుకుని, పిడి వాడి వైపు చాపాను.

వాడి చెయ్యి సగం లేచి ఆగిపోయింది.

“ఆడ పెట్టప్పా.”

“యాడ?”

“ఆడే, టీపాయి మింద. తీసుకుంటా.”

“చేతికిస్తాండా కదరా. పట్టుకో.”

వంటింటి గుమ్మంలోకి వాడి భార్య రత్నమ్మ వచ్చి నిలబడింది. వాడు ఆమెను చూశాడు, నన్ను చూశాడు, చాకును చూశాడు. చాకు వైపు మాత్రం చెయ్యి రాలేదు.

“యాభై ఏండ్లు నన్ను చూసి నవ్వితివే!” అన్నాను.

“నవ్వేది వేరే, పట్టుకునేది వేరే,” అన్నాడు. గొంతు తగ్గించి, రత్నమ్మకు వినపడకూడదన్నట్టు, “ఈ వయసులో నీతో జగడమైతే నాకింగ యాడ దొరుకుతాడప్పా మనిషి?” అన్నాడు.

ఆ మాటకు మంచివాడైతే చాకు కింద పెట్టి ఉండేవాడు. నేను పెట్టలేదు. చెయ్యి అలాగే చాపి ఉంచాను. భుజం నొప్పి పుట్టింది, అయినా దించలేదు. చివరికి వాడు భుజం మీది తువ్వాలు తీసి, అరచేతి మీద రెండు మడతలు పరుచుకుని, ఆ గుడ్డతో, వేడి గిన్నె దించినట్టు, చాకు పిడి పట్టుకున్నాడు. గుడ్డ అడ్డముంటే లెక్కలోకి రాదట. రత్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది; లోపల గిన్నెల మధ్య ఆమె నవ్వు చాలాసేపు వినపడింది. వాడు తల ఎత్తకుండా ముడులు కోస్తూ కూర్చున్నాడు. నేను కుర్చీలో వెనక్కి వాలి, కావాలనే ఒక్క మాటా అనకుండా, వాణ్ణి తనివితీరా చూశాను.